గోడౌనులో కంప్యూటరు: నిల్వ లెక్క, సరుకు తీత, లేబుళ్ళ గురించి సభ్యులు తెలుసుకోవలసినవి

— ఒక సహకార ఇన్‌స్పెక్టరు, హెచ్.డి.సి.ఎం.

మన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాలలో పాల లెక్క మీద సభ్యులకు ఉన్న శ్రద్ధ దాణా లెక్క మీద లేదు. ఇది నిష్ఠూరంగా చెప్పడం కాదు, ఇన్నేళ్ళుగా చూస్తున్న సంగతి. ఉదయం పాలు పోసేటప్పుడు వెన్న శాతం ఒక పాయింటు తగ్గితే అక్కడికక్కడే నిలదీసే సభ్యుడు, మహాజన సభలో "దాణా నిల్వలో తరుగు" అని ఒక పద్దు చదివినప్పుడు మాత్రం నలుగురితోపాటు చెయ్యెత్తి ఊరుకుంటాడు. ఆ తరుగు ఎవరిది? సంఘానిది. సంఘానిది అంటే ఏడాది చివర బోనసుగా మీ చేతికి రావలసిన దానిలోనిది.

ఇప్పుడు ఈ విషయం రాయడానికి కారణం ఉన్నది. మన సంఘాలకు దాణా, ఖనిజ లవణ మిశ్రమం, పశుగ్రాస విత్తనాలు, క్యాన్లు, శాంపిలు సీసాలు వగైరా అందించే గోడౌనులలో కంప్యూటర్లు వచ్చి కొన్నేళ్ళయినది. స్టాకు రిజిష్టరు పోయి సాఫ్ట్‌వేరు వచ్చింది. రిజిష్టరును కనీసం పేజీ తిప్పి చూడవచ్చు. కంప్యూటరులో ఏమున్నదో గుమాస్తా చూపితే తప్ప మనకు కనిపించదు. అందుచేత "కంప్యూటరు చెప్పింది" అనే మాట వేదవాక్యమైపోయింది. ఆ మాటను నేనూ ఒకసారి నమ్మాను. దాని సంగతి ముందు చెబుతాను.

పెద్ద అంబర్‌పేట్ దగ్గరి గోడౌను

విజయవాడ రహదారి మీద హయత్‌నగర్ దాటి వెళితే పెద్ద అంబర్‌పేట్ వద్ద 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు కలుస్తుంది. రింగు రోడ్డు వచ్చాక ఈ తావంతా గోడౌనుల ఊరైనది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు కూడా 2021లో దిల్‌సుఖ్‌నగర్ పక్క నుంచి ఎత్తి బాటసింగారానికి తెచ్చారు. ఈ ప్రాంతపు పెద్ద కంపెనీల గిడ్డంగులలో చేతిలో స్కానరు పట్టుకొని తిరిగే కుర్రవాళ్ళను చూస్తే, మన దాణా గోడౌనుకు ఆ హంగులన్నీ ఎందుకు అనిపిస్తుంది. కాని సరుకు ఎవరిదైనా సూత్రం ఒక్కటే.

2019 మార్చి 31, ఆదివారం. ఆ ప్రాంతంలోనే చుట్టుపక్కల సంఘాలకు దాణా ఇచ్చే ఒక గోడౌనులో ఆర్థిక సంవత్సరాంతపు నిల్వ సరిచూడడానికి వెళ్ళాను. గోడౌను పేరు ఇక్కడ అవసరం లేదు. గుమాస్తాకు సెలవు. స్టోరు కీపరు ముందురోజు రాత్రే తీసి ఉంచిన కంప్యూటరు కాగితం ఇచ్చారు. అందులో 50 కిలోల దాణా ఒక రకం 312 బస్తాలు అని ఉన్నది. హమాలీల చేత లెక్కపెట్టిస్తే 271 వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టించాను. 271. తరుగు 41 బస్తాలు. బస్తా 1,150 రూపాయల చొప్పున 47,150 రూపాయలు.

వరండాలో తాడుపట్టా కింద మరి కొన్ని బస్తాలు ఉన్నాయి. అవేమిటని అడిగితే హమాలీ మేస్త్రి, "గవి మనయి గావు సార్, పక్క ఊరి సంఘమోళ్లయి. రేపు బండొస్తది" అన్నాడు. మనవి కానప్పుడు లెక్కలోకి ఎందుకని వదిలివేశాను. స్టోరు కీపరు "ఏదో పొరపాటు ఉన్నది, రెండు రోజులు ఆగండి" అన్నారు. ఇట్టి మాటలు నేను చాలామంది దగ్గర విని ఉన్నాను. ఆ రోజే కంప్యూటరులో నిల్వను 271కి దించివేయించాను. తరుగుకు స్టోరు కీపరు బాధ్యుడని, అవసరమైన యెడల 1964 సహకార చట్టం 60వ సెక్షను కింద రాబట్టవచ్చునని నివేదికలో ఒక వాక్యం రాశాను.

ఆ వాక్యం ఆయన ఊరికి నాకంటె ముందే చేరింది. అప్పటికి ఆయన కుమార్తెకు సంబంధం కుదిరి ఉన్నది. మగపెళ్ళివారు వచ్చి, విచారణ తేలిన తరువాత మాట్లాడుకుందామని చెప్పి వెళ్ళారట. పద్దెనిమిదేళ్ళు తాళాలు మోసిన మనిషి ఆఫీసుకు రావడం మానివేశారు.

22 రోజుల తరువాత, ఏప్రిల్ 22న, తాత్కాలికంగా మరొకరికి తాళాలు అప్పగించడానికి తిరిగి లెక్క పెట్టించాము. ఈసారి 38 బస్తాలు ఎక్కువ వచ్చాయి. ఎక్కువ! దొంగిలించినవాడు తిరిగి తెచ్చి పెట్టడు గదా. అప్పుడు కూర్చొని, తొందర లేకుండా, ఒక్కొక్క కాగితం చూశాము.

మార్చి 30 సాయంత్రం ఒక లారీ వచ్చింది. దానిలో ఈ గోడౌనుకు దిగవలసినవి 30 బస్తాలు, మిగతా లోడు వేరే ఊరిది. గుమాస్తా వే బిల్లు చూసి 30 బస్తాలు వచ్చినట్లు ఎంట్రీ వేసి ఇంటికి పోయాడు. హమాలీలు అప్పటికే వెళ్ళిపోయారు. లారీ రహదారి పక్కన నిలబడి, సోమవారం ఉదయం సరుకు దించింది. అనగా నేను లెక్కపెట్టిన నాడు ఆ 30 కంప్యూటరులో ఉన్నాయి, గోడౌనులో లేవు. వరండాలోని బస్తాలు 8. అవి పక్క ఊరి సంఘానికి తీసి పెట్టినవే, కాని ఇచ్చినట్లు ఎంట్రీ సోమవారం పడింది. ఆదివారం నాటికి కంప్యూటరు దృష్టిలో అవి మనవే. నేను మనవి కావన్నాను. 30, 8 కలిపి 38.

మిగిలినవి 3 బస్తాలు. అవి ఎలుకలు కొట్టి చిరిగినవి. కారిన దాణాను ఊడ్చి గోతాలలో ఎత్తి మూలన పెట్టారు. తూచితే 118 కిలోలు వచ్చింది. 150 కిలోలలో 32 కిలోలు నేలపాలు. 47,150 రూపాయలని నేను రాసిన తరుగు చివరకు ఆ 32 కిలోలు.

నివేదిక మార్చి రాశాను. తప్పు లెక్కలో లేదు, 271 సరియైన అంకెయే. 312 కూడా దాని మట్టుకు అది సరియైనదే. కాని ఆ రెండు అంకెలు ఒకే గడియకు చెందినవి కావు. ఆ సంగతి నేను చూడలేదు.

రెండు నిల్వలు

ఇక అసలు విషయం. ఏ గోడౌనుకైనా రెండు నిల్వలు ఉంటాయి. ఒకటి పుస్తకపు నిల్వ: ప్రారంభ నిల్వ, దానికి వచ్చినది కూడి, ఇచ్చినది తీసివేయగా మిగిలినది. రెండోది కంటికి కనిపించే నిల్వ. సాఫ్ట్‌వేరు చేసేది మొదటిదే. అది గోడలు దాటి లోపలికి చూడలేదు. మనం ఏమి చెబితే అదే నమ్ముతుంది. మేము డిప్లొమా చదివేటప్పుడు ప్రతి దొంతికీ ఒక బిన్ కార్డు తగిలించాలని, బస్తా కదిలిన ప్రతిసారీ దాని మీద గుర్తు వేయాలని రెండు పీరియడ్లు చెప్పారు. పరీక్షలో ప్రశ్న కూడా వచ్చింది. తరువాత నేను తనిఖీ చేసిన గోడౌనులలో ఆ కార్డు మాత్రం అరుదుగానే కనిపించింది. ఇప్పటి సాఫ్ట్‌వేరు ఆ కార్డే. దానిని బస్తా కదిలినప్పుడు రాయకుండా సాయంత్రం తీరికగా రాస్తే అదీ పాత రిజిష్టరు వంటిదే అవుతుంది.

సరైన సాఫ్ట్‌వేరులో సరుకుకు కొన్ని దశలు ఉంటాయి. వచ్చి గేటు వద్ద ఉన్నది, దించి దొంతి పెట్టినది, ఒక సంఘం పేర కేటాయించినది, తీసి పక్కన పెట్టినది, బండి ఎక్కినది. ఉదాహరణకు గోడౌనులో 120 బస్తాలు ఉన్నాయనుకోండి. 50 ఒక సంఘానికి కేటాయించారు. ఇక ఇవ్వగలిగినవి 70 మాత్రమే. మీ సంఘం 80 అడిగితే లేవంటారు. ఎదుట 120 కనిపిస్తూ ఉంటే లేవంటారేమని చాలాచోట్ల తగవులు పడ్డారు. ఆ 50 బస్తాల మీద "కేటాయించినది" అని ఒక చీటీ ఉంటే తగవు లేదు. నా 8 బస్తాల కథ కూడా ఉండేది కాదు.

మరొక అవలక్షణం ఉన్నది. సరుకు రాక ఎంట్రీ వేయకముందే ఇచ్చినట్లు ఎంట్రీ వేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు నిల్వను సున్నాకు కిందికి, మైనస్ 12 అని, మైనస్ 20 అని చూపిస్తాయి. మైనస్ 12 బస్తాలు ఎవరి కంటికైనా కనిపిస్తాయా? అట్లా జరగనివ్వకుండా ఆపే ఏర్పాటు సాఫ్ట్‌వేరులోనే ఉంటుంది. "పని ఆగిపోతుంది" అని గుమాస్తాలు దానిని తీసివేయిస్తారు. పని ఆగడమే అక్కడ కావలసినది.

లెక్క పెట్టడం ఎట్లా

అన్నిటికంటె ముందు గడియ. లెక్క మొదలుపెట్టిన సమయం కాగితం మీద రాయాలి. ఆ సమయానికి చివరగా వచ్చిన లోడు వోచరు నంబరు, చివరగా ఇచ్చిన వోచరు నంబరు కూడా రాయాలి. లెక్క ముగిసేదాకా సరుకు రానివ్వరాదు, పోనివ్వరాదు. పాలు రోజుకు రెండు పూటలూ ఆగవు గాని దాణా నాలుగు గంటలు ఆగుతుంది. కంప్యూటరు కాగితం కూడా ఆ గడియకే తీయాలి, రాత్రిది పనికిరాదు.

లెక్కపెట్టేవారి చేతికి కంప్యూటరు అంకె ఇవ్వకూడదు. ఇది చాలామందికి నచ్చదు. 312 అని ముందే తెలిసినవాడు 309 దాకా లెక్కపెట్టి, వెనుక మూడు ఉండే ఉంటాయి అనుకుంటాడు. మనిషి స్వభావం అది, దొంగతనం కాదు. కాబట్టి ఖాళీ గడులున్న కాగితం ఇచ్చి, ఇద్దరు ఒకరు చూసింది మరొకరు చూడకుండా లెక్కపెట్టి రాయాలి. రెండూ కలిస్తే అప్పుడు కంప్యూటరుతో పోల్చాలి. కలవకపోతే మూడోసారి ఇద్దరూ కలిసి.

దొంతిని బయటి నుంచి చూసి "అడ్డం ఆరు, నిలువు పది, లోతు నాలుగు" అని గుణించే అలవాటు ఉన్నది. లోపల బోలుగా ఉన్న దొంతులను నేను చూశాను. అవి మోసానికి పెట్టినవి కూడా కావు. మధ్యలో నుంచి తీసి, పైన కప్పి వదిలేసినవి. కనీసం అనుమానం ఉన్న దొంతినైనా విప్పించాలి. తెరిచిన బస్తాలు, ఊడ్చిన గోతాలు కాటా మీద తూచి కిలోలలో రాయాలి.

కొలత మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. కిలో ప్యాకెట్లు 20 కలిపి ఒక పెట్టెగా ఖనిజ లవణ మిశ్రమం వస్తుంది అనుకుందాం. లెక్కపెట్టినవాడు 15 అని పెట్టెలు రాశాడు. కంప్యూటరు దానిని ప్యాకెట్లుగా తీసుకున్నది. ఒక్క కలంపోటుతో 285 ప్యాకెట్ల తరుగు! నేను చూసిన పెద్ద పెద్ద వ్యత్యాసాలలో దొంగలకంటె ఈ పెట్టె-ప్యాకెట్టు తేడాలే ఎక్కువ. ప్రతి సరుకుకూ ఏ కొలతలో లెక్కో కాగితం మీదనే అచ్చయి ఉండాలి.

తేడా వచ్చిన తరువాత ఏమి చేయాలన్నది అసలు పరీక్ష. సాఫ్ట్‌వేరులో నిల్వ సరిచేయడం చాలా సులభం, ప్రమాదమంతా అందులోనే ఉన్నది. టాలీలో ఫిజికల్ స్టాక్ వోచరు అని ఒకటి ఉన్నది. దానిలో లెక్కించిన అంకె వేస్తే ఆ తేదీకి నిల్వ ఆ అంకెకు మారిపోతుంది. ముంబయిలో తయారైన ఈఆర్పీనెక్స్ట్‌లో ఇదే పనికి స్టాక్ రీకన్సిలియేషన్ అంటారు. ఏ పేరైనా, మీట నొక్కగానే తేడా కనిపించకుండా పోతుంది. కారణం మాత్రం దొరకదు. కావున సరిచేసే ఎంట్రీ లెక్క పెట్టిన రోజే వేయరాదు. ముందు ఆ వారం వచ్చినవి, పోయినవి, దారిలో ఉన్నవి, పక్కన తీసిపెట్టినవి, చిరిగినవి వెతకాలి. ఆ తరువాత కూడా నిలిచిన తేడాను కారణంతో సహా పాలకవర్గం ముందు పెట్టి, తీర్మానం నంబరు వేసి సరిచేయాలి. నేను 2019లో చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆ తొందర పని వల్లనే 22 రోజుల తరువాత 38 ఎక్కువగా తేలి నిజం బయటపడింది, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

ఏడాదికొకసారి మార్చి 31న అన్నీ లెక్కపెట్టి అలసిపోయే బదులు కొద్దికొద్దిగా ఏడాది పొడుగునా లెక్కపెట్టడం మేలు. గోడౌనులో ఎన్ని రకాలున్నా డబ్బంతా రెండు మూడు రకాలలోనే ఉంటుంది. మన విషయంలో అది దాణా. దాణాను వారానికొకసారి, ఖనిజ లవణ మిశ్రమం, మందులు నెలకొకసారి, సీసాలు బ్రష్షులు ఆరు నెలలకొకసారి చూస్తే చాలు. తేడా వారంలోపల పట్టుబడితే కారణం జ్ఞాపకం ఉంటుంది. పదకొండు నెలల తరువాత ఎవరికి ఏమి జ్ఞాపకం ఉంటుంది?

సరుకు తీత: పాలదాకా వచ్చే సంగతి

సంఘం నుంచి ఇండెంటు రాగానే సాఫ్ట్‌వేరు ఒక పట్టీ అచ్చు వేస్తుంది. దానిని పిక్ లిస్టు అంటారు. ఏ వరుసలో, ఏ దొంతి నుంచి, ఏ బ్యాచీవి ఎన్ని బస్తాలు తీయాలో అందులో ఉంటుంది. దీనికి ముందు గోడౌనులో ప్రతి తావుకూ ఒక పేరు పెట్టి గోడ మీద రాయాలి. "గుమ్మం పక్కది", "పాత మూల" అనే పేర్లు స్టోరు కీపరుకు తెలుస్తాయి. ఆయన సెలవు పెట్టిన నాడు ఎవరికీ తెలియవు.

హమాలీకి బరువు తక్కువ నడక కావాలి. అది న్యాయమే. గుమ్మానికి దగ్గరి బస్తా ఎత్తుతాడు. గుమ్మానికి దగ్గర ఉన్నది నిన్న దిగిన లోడు. పాతది వెనుక గోడకు ఆనుకొని వానాకాలమంతా అక్కడే ఉంటుంది. ఇది దుబారా విషయం మాత్రమే కాదు.

భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 2052 ప్రకారం మిశ్రమ దాణాలో తేమ 11 శాతం మించరాదు, అఫ్లాటాక్సిన్ బి1 అనే బూజు విషం కిలోకు 20 మైక్రోగ్రాములు మించరాదు. గోడ తేమ పీల్చిన బస్తాలో బూజు పుడుతుంది. ఆ బూజు పెట్టే విషాన్ని పశువు తిన్నప్పుడు దానిలో కొంత ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. పాలు కాచినా అది పోదు. మన దేశంలో పాలలో దీనికి పరిమితి కిలోకు అర మైక్రోగ్రాము. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వారు 2018లో దేశమంతటా తీసిన 6,432 పాల నమూనాలలో 368 ఈ పరిమితిని దాటాయి. నీళ్ళు కలిపారా, పిండి కలిపారా అని మనం చూస్తూ ఉంటాము. ఏ పాపమూ ఎరుగని సభ్యుడి పాలు తప్పడానికి గోడౌనులో తప్పు వరుసలో తీసిన ఒక బస్తా చాలు.

కావున పిక్ లిస్టు తయారు చేసేటప్పుడు ముందు వచ్చినది ముందు అనే నియమంకంటె, గడువు ముందు తీరేది ముందు అనే నియమం పెట్టించాలి. రెండూ ఒకటి కావు. ఇవాళ వచ్చిన లోడులో రెండు నెలల కిందట తయారైన బస్తాలు ఉండవచ్చు, పోయిన వారం వచ్చినవి అంతకంటె కొత్తవి కావచ్చు. తయారీ తేదీ, గడువు తేదీ లోడు దిగిన నాడే ఎక్కిస్తే మిగతాది కంప్యూటరు చూసుకుంటుంది. ఎక్కించకపోతే కంప్యూటరుకు అన్ని బస్తాలూ ఒకటే.

దొంతులు గోడకు ఒక అడుగు ఎడంగా, చెక్కల మీద, ఒక వైపు నుంచి నింపి రెండో వైపు నుంచి తీసే విధంగా పెట్టగలిగితే హమాలీ నడకా తగ్గుతుంది, పాతదీ ముందు పోతుంది. స్థలం లేదంటారు. ఒక వరుస ఖాళీ ఉంచితే చాలు.

పట్టీ ప్రకారం తీసిన తరువాత, బండి ఎక్కించే ముందు మరొక మనిషి సరిచూసి సంతకం చేయాలి. తీసినవాడే సరిచూస్తే సరిచూడనట్లే. పట్టీలో చెప్పిన బ్యాచీ దొరకక వేరొకటి తీసినప్పుడు, ఆ వేరొక బ్యాచీనే కంప్యూటరులో వేయాలి. ఇక్కడ జరిగే అబద్ధం ఎవరికీ కనిపించదు. మొత్తం బస్తాలు సరిపోతాయి. ఎప్పుడో ఒక బ్యాచీ బాగాలేదు, వెనక్కి పంపండి అని మిల్లు నుంచి కబురు వచ్చినప్పుడు, అవి ఏ ఏ సంఘాలకు పోయాయో చెప్పలేము.

లేబులు

బారు కోడు కొత్త వింత కాదు. 1974 జూన్ 26న అమెరికాలో ఒహైయో రాష్ట్రపు ట్రాయ్ పట్టణంలో ఒక దుకాణంలో చ్యూయింగు గమ్ము ప్యాకెట్టు మీద మొదటిసారి గీతలు చదివి బిల్లు వేశారు. మన ఆంధ్రప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడినది కూడా ఆ 1974లోనే. ఇప్పుడు మీ పశువు చెవికి వేసిన పసుపు పచ్చ పోగు మీద 12 అంకెలతోపాటు ఉన్నవి కూడా అవే గీతలు. ఆ పోగు నంబరుతో టీకా వేసినదీ, ఎద కట్టినదీ తెలుస్తున్నట్లే, బస్తా లేబులుతో అది ఎప్పుడు వచ్చిందీ, ఏ బ్యాచీయో తెలుస్తుంది. గీతలలో సమాచారమేమీ దాగి ఉండదు. ఒక నంబరు మాత్రమే ఉంటుంది. మిగతాదంతా కంప్యూటరులో ఆ నంబరు ఎదుట రాసి ఉన్నది.

చేతితో నంబరు కొట్టినప్పుడు అంకెలు తారుమారు కావడం సహజం. దానిని పట్టడానికి దుకాణపు 13 అంకెల నంబరులో చివరి అంకె కాపలా అంకెగా ఉంటుంది. మొదటి 12 అంకెలలో బేసి స్థానాలవి అలాగే, సరి స్థానాలవి మూడేసి రెట్లు చేసి కూడాలి. ఆ మొత్తానికి ఎంత కలిపితే పైన వచ్చే పదికి సరిపోతుందో అది చివరి అంకె. 2 తో మొదలయ్యే నంబర్లు ఎవరి గోడౌనులో వారు వాడుకోవడానికి వదిలినవి. 200000000123 తీసుకోండి. బేసి స్థానాలు 2, 2 కలిపి 4. సరి స్థానాలు 1, 3 కలిపి 4, మూడు రెట్లు 12. మొత్తం 16. కనుక చివరి అంకె 4. గుమాస్తా పొరపాటున 123 బదులు 213 కొడితే మొత్తం 18 అయి చివర 2 రావాలి. 4 ఉన్నది గనుక యంత్రం ఒప్పుకోదు. బడిపిల్లల చేత చేయించి చూడండి, సరదాగా ఉంటుంది.

లేబులు మీద సరుకు పేరు, బరువు, బ్యాచీ, వచ్చిన తేదీ, గడువు, గీతలు ఉంటే చాలు. దాణాకు ఒక బ్యాచీ మొత్తానికి ఒకే నంబరు సరిపోతుంది. పాల పరీక్ష యంత్రాలు, ద్రవ నత్రజని పాత్రలు వంటి వాటికి మాత్రం ఒక్కొక్కదానికి వేరు వేరు నంబరు ఉండాలి. దాణా బస్తాకు కూడా వేరు వేరు నంబర్లు కావాలని కొన్నిచోట్ల పట్టుబట్టి మూడు నెలలకే మానివేశారు.

అచ్చు యంత్రాలలో రెండు విధాలు. ఒకటి వేడికి నల్లబడే కాగితం మీద వేస్తుంది, సిరా ఉండదు. రెండోది రిబ్బను నుంచి వేడితో సిరా దింపుతుంది. మొదటిది చవక. కాని సంఘంలో మీకిచ్చే పాల చీటీ జేబులో కొన్నాళ్ళు ఉంటే తెల్లకాగితమైపోతుంది కదా, అది కూడా ఈ కాగితమే. ఎండ తగిలే రేకుల గోడౌనులో, నెయ్యి చేతులు తగిలే చోట దీనిని వాడరాదు. రిబ్బనుదే వాడాలి. మామూలు లేబులు యంత్రం అంగుళానికి 203 చుక్కలు, అనగా మిల్లీమీటరుకు 8 చుక్కలు వేస్తుంది. చిన్న లేబులులో పెద్ద నంబరు ఇరికిస్తే గీతలు ఒకదానిలో ఒకటి కలిసి స్కానరు చదవదు. గీతలకు రెండు పక్కలా కొంత తెల్లచోటు కూడా వదలాలి. స్కానరు చెడిపోయిందని బాగుచేయడానికి పంపేముందు ఈ తెల్లచోటు చూడండి.

తెలుగులో లేబులు వేయించాలంటే యూనికోడ్ అక్షరాలే వాడాలి. పాత డీటీపీ అక్షరాలతో టైపు చేసి అతికిస్తే "దాణా" అన్న చోట అర్థంకాని ఇంగ్లీషు గుర్తులు అచ్చవుతాయి. హమాలీ తెలుగు చదవగలడు, అందుచేత పేరు తెలుగులోనే ఉండాలని నా అభిప్రాయం.

మిల్లు వేసిన ముద్ర మీద మన లేబులు అంటించరాదు. తయారీ తేదీ కప్పినట్లవుతుంది. కుట్టు మీద అంటించినా బస్తా విప్పగానే చిరిగిపోతుంది. అన్నిటికంటె చెడ్డ అలవాటు లేబుళ్ళు ఎక్కువగా అచ్చు వేసి సొరుగులో దాచడం. 96 బస్తాలు దిగితే "ఉండనీ" అని 100 వేస్తారు. మిగిలిన నాలుగూ తరువాతి లోడు బస్తాలకు అంటుతాయి. పాత తేదీతో కొత్త బస్తాలు, లేక కొత్త తేదీతో పాత బస్తాలు తయారవుతాయి. ఎన్ని దిగాయో అన్నే వేయాలి, చిరిగితే ఆ ఒక్కటే మళ్ళీ వేయాలి, మిగిలితే చింపాలి. ఖాళీ సంచులను తిరిగి వాడేటప్పుడు పాత లేబులు గీకివేయాలి.

సంఘమే విడి సరుకును చిన్న ప్యాకెట్లుగా కట్టి అమ్మే యెడల అది వేరే విషయం. 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికలు కొలతల నియమాల ప్రకారం కట్టినవారి పేరు, చిరునామా, నికర బరువు, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఎవరిని అడగాలో దాని మీద ఉండాలి. గోడౌను లేబులు దానికి బదులు కాదు.

సభ్యులు అడగవలసినవి

కరెంటు పోయినప్పుడు ఇచ్చిన సరుకును ఎక్కడ రాస్తున్నారని అడగండి. వరుస నంబర్లు అచ్చయిన చీటీ పుస్తకం చూపితే సరి. విడి కాగితాలైతే సరికాదు. కంప్యూటరుకు ఎందరు పాస్‌వర్డులు వాడుతున్నారో అడగండి. ఒకే పాస్‌వర్డు గోడ కాలెండరు మీద రాసి ముగ్గురు వాడుతున్న గోడౌనును నేను చూశాను. అక్కడ ఏ ఎంట్రీ ఎవరు వేశారో దేవుడికే తెలియాలి. రేపు స్టోరు కీపరు మీద నింద పడితే తాను వేయలేదని చెప్పుకోవడానికి ఆయనకు ఆధారం లేదు. సరిచేసిన ఎంట్రీల పట్టిక మహాజన సభలో చదవమనండి. ఏడాదిలో ఒక్క సరిచేత కూడా లేదంటే సంతోషించవద్దు. లెక్క పెట్టి ఉండరు.

పెద్ద అంబర్‌పేట్ దగ్గరి ఆ గోడౌనులో ఇప్పుడు గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉన్నది. లెక్క మొదలైన సమయం, చివరి రాక వోచరు, చివరి జారీ వోచరు దాని మీద రాస్తారు. వరండాలో పసుపు గీత గీసి, తీసిపెట్టిన సరుకు ఆ గీత లోపలే ఉంచుతారు. వాటి చీటీ మీద కంప్యూటరులో ఏ దశలో ఉన్నదో కూడా ఉంటుంది.

ఆ స్టోరు కీపరు నా మారిన నివేదిక అందాక తిరిగి పనిలో చేరారు. ఆయన కుమార్తె వివాహం మరుసటి ఏడాది జరిగింది, సంబంధం మాత్రం వేరే ఊరిది. శుభలేఖ నాకు రాలేదు. 2022లో ఆయన పదవీ విరమణ చేసిన రోజున తాళాలు అప్పగించే ముందు నిల్వ లెక్క పెట్టించమని తానే అడిగారు. నేను వెళ్ళాను. సుద్దముక్క నా చేతికిచ్చి, మొదలుపెట్టిన వేళ నన్నే రాయమన్నారు. 9 గంటల 10 నిమిషాలు అని రాశాను. తేడా ఒక బస్తా వచ్చింది. అది ఎక్కడున్నదో ఆయన నాకు చూపించారు.